మగవారి సింగారము

గడచిన మాసమున మేము పాతచీరలతో బొంతలు కుట్టు విధమును గూర్చి వ్రాసితిమి. ఈ మాసమున కూడ వస్త్రములను గూర్చియే వ్రాయుదుము గాని, అవి మన చీరలు కావు, మగవారి దుస్తులు. అందును, అట్టి దుస్తులు ధరించి నిలుచున్న మగవారి ఛాయాచిత్రములను పుట నిండ అచ్చువేయుచు, వారి సొగసును చూపుటయే పనిగా వెలువడు పత్రికలు మాకు ప్రస్తుతాంశము. “ఆడువారి పత్రికలో మగవారి సింగారమేల?” యని మన సోదరీమణులలో కొందఱు ముక్కున వ్రేలిడుకొనవచ్చును. మేమును మొన్నమొన్నటి వఱకు అట్లు వ్రేలిడుకొన్నవారమే. ఆ వ్రేలు తీయుటకు కారణమైన సంగతిని చెప్పుటకే యీ వ్రాత.

మా వారి అక్కగారు గద్వాలలో కాపురమున్నారు. ఆమె భర్తకు అచ్చట చిన్న చీరల అంగడి కలదు. వారి కుమారుడు ఇరువదియేండ్ల వాడు; చదువు నిమిత్తము వనపర్తిలో మా యింటనే యుండి కళాశాలకు పోవుచున్నాడు. పొడగరి, చామనచాయవాడు, మాటలు తక్కువ. సంక్రాంతికి ముందు ఇల్లు దులుపుచు పరుపులు ఎండకు వేయబోగా, వాని పరుపు క్రింద నాలుగు దళసరి పత్రికలు కనబడినవి. హైదరాబాదు ఆబిడ్సులో ఆదివారమునాడు పాతపుస్తకములమ్ము వీథిలో కొని తెచ్చినవట. పరుపు ఎండలో నుంచి, మేము నీడకు వచ్చి వసారాలో కూర్చుండి ఆ పుటలు త్రిప్పితిమి.

ఒక పుటలో సముద్రపుటొడ్డున ఒక పిల్లవాడు తన కొలతకు రెండింతలుండు కోటు తొడుగుకొని, పెండ్లికి పిలువని చుట్టము వలె నిలుచుండెను. మఱియొక పుటలో నెరసిన గడ్డముగల వృద్ధుడొకడు ముక్కాలిపీటపై కూర్చుండి, మోకాళ్ళపై చేతులుంచుకొని మనవంకనే చూచుచుండెను. ప్రతి బొమ్మ క్రిందను వారు తొడిగిన చొక్కా యెచ్చట కుట్టబడినదో, పాదరక్షలెవరు చేసిరో సన్నని అక్షరములలో వ్రాయబడి యుండెను. మాకు నవ్వు వచ్చినది. ఇరుగుపొరుగువారిరువురు వచ్చిరి, వారికిని చూపితిమి, వారును నవ్విరి. సాయంకాలము పిల్లవాడు గుమ్మములో కాలుపెట్టగనే, “రావయ్యా నలమహారాజా! దమయంతి యెక్కడ?” అని పరిహసించితిమి.

వాడేమియు అనలేదు. మా చేతిలోని పత్రికలు తీసికొని లోనికి పోయెను. ఆ యుదయముననే “అత్తమ్మా! సాయంత్రము నీతో నొక మాట చెప్పవలె” నని కళాశాలకు పోయినవాడు, ఆ మాట చెప్పకయే రెండు ముద్దలు తిని పడుకొనెను. ఆ మాట యేమో మాకు తెలియుటకు ఇరువదిదినములు పట్టినది. ఆ నవ్వునకు మా కుటుంబము చెల్లించిన వెల యెంతయో చివర చెప్పెదము. ముందు, ఆ నవ్వు న్యాయమైనదా యని విచారింతము.

మేము బాల్యమున మా తండ్రిగారియొద్ద కావ్యములు చదువుకొన్నవారము. ఆ చదువు ఇట్టి పట్టుననే మమ్ము నిలువదీసినది. సుందరకాండలో సీతాదేవి హనుమంతుని నమ్మక, రాముని గుర్తులు చెప్పుమని యడిగినది గదా! అప్పుడు హనుమంతుడు రాముని కన్నులు, భుజములు, కంఠము, పాదములు, కంఠస్వరము, మేనిచాయ ఒక్కొక్కటిగా వర్ణించి చెప్పెను. రఘువంశము ఏడవ సర్గలో అజుడు రాజవీథిని పోవుచుండగా, పురస్త్రీలు ఒక పాదమునకే లత్తుక పెట్టుకొని, ఒక కంటికే కాటుక దిద్దుకొని, చేతిపని చేతనుండగనే కిటికీల యొద్దకు పరుగెత్తిరి. శ్రీనాథుని శృంగారనైషధములో హంస దమయంతి యెదుట నలుని సొగసును పొగడినది. పెద్దనగారి మనుచరిత్రలో వరూధిని ప్రవరుని రూపము చూచి తన్ను తాను మఱచినది. పురుషుడు కన్నులార చూడదగినవాడు కాడని మన పూర్వకవులలో నెవరును చెప్పి యుండలేదు. దమయంతి పేరుతో పిల్లవానిని పరిహసించిన మేమే దమయంతి కథ మఱచితిమి.

అయితే ఆ వర్ణనలలో నొక మర్మము కలదు. రాముని భుజములను వర్ణించిన హనుమంతుడు అంతటితో నూరకొనలేదు. రాముని శీలమును, విద్యను, ధర్మరక్షణమును కూడ చెప్పెను. రూపము వెనుక మనిషి యుండెను. ఈ మర్మమును జ్ఞప్తియందుంచుకొనుడు. నేటి పత్రికల బాగోగులు తూచుటకు ఇదియే తూనికరాయి.

మా వదినెగారి గద్వాల మాటయే తీసికొందము. గద్వాల చీరయన్న నూలు ఒడలు, పట్టు అంచు, పట్టు కొంగు కలిసి యుండునని మీకందఱకు తెలిసినదే. ఆ యూరి మగ్గముల పేరు దేశమంతట మ్రోగినది ఆడువారి కట్టుబట్ట వలననే. కాని ఆ యూరి నేతగాండ్రు మహానియమముతో నేయు వస్త్రము మఱియొకటి కలదు. అది పురుషుని వస్త్రము. ఏటేట తిరుమల బ్రహ్మోత్సవములకు ముందు గద్వాల సంస్థానము పేర శ్రీ వేంకటేశ్వరస్వామికి సమర్పించు ఏరువాడ జోడుపంచెలు అచ్చటనే నేయబడును. ఒక్కొక్క పంచె 11 గజముల పొడవు. వెడల్పైన అంచులపై కోటకొమ్ము దీర్చెదరు. నేయువారు మండలకాలము దీక్షతో మగ్గమెక్కెదరు. ఆ పంచెలు మూలవిరాట్టునకు అలంకరింపబడును. పూలు, నగలు, నామము, అంచుపంచె, పట్టుత్తరీయములతో సర్వాలంకారశోభితుడై నిలిచిన పురుషోత్తముని చూచుటకై గంటలకొలది వరుసలో నిలిచెడి మనము, పురుషుని అలంకారము చూచి నవ్వుట యెట్లు?

దేవుని మాట యటుండ, మన దొరల మాట చూతము. ఆఱవ నిజాము మహబూబు అలీఖాను 1869 మొదలు 1911 వఱకు రాజ్యమునకు ప్రభువు. దుస్తులపై ఆయనకున్న మోజు జగత్ప్రసిద్ధము. హైదరాబాదు పురానీ హవేలీలో ఒక ప్రక్కనున్న భవనభాగమంతయు ఆయన బట్టల బీరువాయే. టేకుచెక్కతో రెండంతస్తులుగా కట్టినది. నేటికిని అచ్చటి ప్రదర్శనశాలకు పోవువారు దానిని చూడవచ్చును. కొడుకైన ఉస్మాను అలీఖాను, అపారధనికుడయ్యును, పాత టోపీతో, వెలిసిన షేర్వాణీతో కాలము గడపెనని ప్రతీతి. తండ్రి బీరువాను చూచి నవ్వువారు కొడుకు టోపీని చూచియు నవ్విరి. మగవాడేమి కట్టినను నవ్వులే యన్నమాట!

ఆ కాలముననే రాజా దీన్‌దయాళు 1886లో సికింద్రాబాదున ఛాయాచిత్రశాల స్థాపించి, నిజామును, జాగీర్దారులను, దొరకొడుకులను తలపాగాలతో, జరీ అంగరఖాలతో, కత్తులతో నిలువబెట్టి చిత్రములు తీసెను. ఘోషాస్త్రీల కొఱకై 1892లో హైదరాబాదునందు ప్రత్యేకశాల తెఱచి, ఒక ఆంగ్లవనిత చేతికి అప్పగించెను. 1905లో ఆయన గతించెను. ఆయన తీసిన మగవారి చిత్రములను నేడు చూచిన, వేషభూషలకు, నిలుచు తీరునకు, చేయి పెట్టు విధమునకు వారెంత శ్రద్ధ వహించిరో తెలియును. అవి అచ్చుపత్రికలో లేవన్న మాటయే గాని, మన దేశపు మగవారి సింగారమునకు అంతకన్న మంచి సంపుటి యేది?

మఱి మగవానికి సింగారము తగదను తలంపు ఎప్పుడు పుట్టినది? ఐరోపాఖండమున పదునెనిమిదవ శతాబ్ది వఱకు మగవారును జలతారు, ఎఱ్ఱపట్టు, ఎత్తుమడమల జోళ్ళు ధరించెడివారు. ఆ శతాబ్దాంతమున వారు రంగులను ఆడువారికి వదలి, నల్లని కోటులోనికి చొచ్చిరి. ఫ్లూగెల్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు 1930లో ప్రకటించిన గ్రంథములో దీనికి పురుషుల మహాత్యాగమని పేరిడెను. ఇంగ్లండులో బ్రమ్మెల్ అను షోకుగాడు (1778–1840) శుభ్రమైన తెల్లని నూలుబట్టయు, చక్కగా కుదిరిన ముదురురంగు కోటును చాలునని చాటెను. ఆ దొరల కొలువులతో పాటు వారి అంగీయు మనకు వచ్చినది. మా వారు ఇరువది యేండ్లుగా బడికి తొడుగుకొని పోవుచున్న తెల్లచొక్కా, నల్లలాగు ఆ త్యాగఫలమే! చెవిపోగులు, అంచుపంచెలు, రంగుతలపాగాలు గల తాతల మనుమలు, రంగుచొక్కా తొడిగిన పిల్లవానిని వింతగా చూచుటకు మూలమిది.

ఇక పత్రికల చరిత్ర. అమెరికాలో 1931లో అప్పారెల్ ఆర్ట్స్ అను పత్రిక బయలుదేరినది. అంగడివారు తమ గిరాకులకు చూపుటకై గుడ్డముక్కలు కూడ అందు అంటించెడివారు. అదియే 1957లో జెంటిల్మెన్స్ క్వార్టర్లీగా మాఱి, నేడు జీక్యూ అను పేర దేశదేశముల వెలువడుచున్నది. దాని భారతీయ ప్రతి 2008లో ప్రారంభమైనది. అంతకు ముందే 2000లో మాన్స్ వరల్డ్ అను మగవారి పత్రిక మన దేశమున పుట్టినది. ఇవన్నియు పెద్దపెట్టుబడితోను, ప్రకటనల బలముతోను నడచునవి. మన తెలుగునేల పిల్లవాండ్రకును ఈ లోకము దూరము కాదు. 2016లో హైదరాబాదు యువకుడు రోహిత్ ఖండేల్వాల్ ఇంగ్లండులో జరిగిన మిస్టర్ వరల్డు పోటీలో గెలుపొందెను. ఆ బిరుదు ఆసియాఖండవాసికి దక్కుట అదియే మొదలు. ఒకని గెలుపు వినగనే వేయిమంది అద్దము ముందు నిలుచుట సహజము.

మా మేనల్లుని పరుపు క్రింద దొరకినవి ఆ పెద్దపత్రికలు కావు, వానిని స్వతంత్రపత్రికలందురు. ఒకరిద్దరు స్నేహితులు కూడి, తమకు నచ్చిన ఛాయాచిత్రకారులను, కుట్టుపనివారిని చేర్చుకొని, ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో కొద్దిప్రతులు వేసెదరు. ఇంగ్లండులో 1980లో టెర్రీ జోన్సు స్థాపించిన ఐ-డి యను పత్రిక మొదట దారము బదులు తీగపిన్నులతో కుట్టిన కాగితములే. వీథిలో పోవు సామాన్యులను గోడకానించి నిలువుటెత్తున చిత్రములు తీసి, వారు కట్టినదేదియో, ఎచ్చట కొనిరో అచ్చువేసెడివారు. 2005లో ఆమ్‌స్టర్‌డామునందు గెర్ట్ యోంకర్స్, యోప్ వాన్ బెన్నెకోమ్ అను ఇరువురు ఫెంటాస్టిక్ మ్యాన్ అను పత్రికను ప్రారంభించిరి. అందు వాస్తుశిల్పులు, చిత్రకారులు, రచయితలు, ముదుసళ్ళు కూడ తమతమ దుస్తులలో కనబడుదురు. ప్రతివారి పేరునకు ముందు మనము శ్రీ యని వ్రాసినట్లు గౌరవవాచకము చేర్చుట ఆ పత్రిక మర్యాద. 2010లో వారే స్త్రీల కొఱకు జెంటిల్ ఉమన్ అను పత్రికను కూడ నెలకొల్పిరి.

ముక్కాలిపీటపై కూర్చున్న ఆ వృద్ధుని బొమ్మను మేము తరువాత మఱల చూచితిమి. ఆయన చేతులు పనిచేసిన చేతులు. చొక్కా మోచేతి యొద్ద మాసిక వేసి యున్నది. ఆ మాసికను దాచక చూపిన ఛాయాచిత్రకారుడు హనుమంతుని దారిని నడచినవాడే. బట్టతో పాటు మనిషిని చూపెను. స్వతంత్రపత్రికలలో మంచివాని గొప్పతనమంతయు ఇందున్నది.

పత్రిక యనగా ఎవరి డబ్బుతో నడచునది యని యడుగుట మన తెలుగు స్త్రీలకు క్రొత్త కాదు. 1902లో పుట్టిన హిందూసుందరి మొదలు మన స్త్రీలపత్రికలు చందాదారుల దయపై బ్రతికినవే. 1928లో డాక్టరు కె. ఎన్. కేసరిగారు చెన్నపట్టణమున స్థాపించిన గృహలక్ష్మికి వారి లోధ్ర యను స్త్రీల మందు తెచ్చిన రాబడి అండయైనది. ఆ మందు ప్రకటన పత్రికలో నుండెడిది. అందుచేత గృహలక్ష్మి చేసిన మేలు తక్కువ కాలేదు. కాని పుట త్రిప్పునప్పుడు ఇది వ్రాతయా, ఇది అమ్మకమా యని పోల్చుకొను నేర్పు చదువరికి కావలెను. మగవారి ఫ్యాషన్ పత్రికలలో ఆ గీటు మఱింత సన్ననిది. సంపాదకుడు మెచ్చిన కోటేదో, అంగడివాడు పంపిన కోటేదో పిల్లవాండ్రకు తెలియదు.

ఆ బొమ్మలు తయారగు విధము కూడ తల్లులు తెలిసికొనవలెను. కోటు చక్కగా కుదిరినట్లు కనబడుటకు వీపు వెనుక గుడ్డను మడచి పిన్నులు, క్లిప్పులు పెట్టుదురు. కెమెరా ముందువైపే చూచును గదా! ఇస్త్రీ చేయువాడొకడు, జుట్టు దువ్వువాడొకడు, ముఖమునకు రంగు పూయువాడొకడు, దీపము పట్టువాడొకడు ప్రక్కనే యుందురు. నూఱు చిత్రములు తీసి యొకటి యెన్నుకొని, దాని మచ్చలు, మడతలు కంప్యూటరుపై చెఱిపెదరు. నమూనా దుస్తులు ఒక్క కొలతలోనే కుట్టబడుట చేత, ఆ కొలతకు సరిపోవు వానినే మోడలుగా నెన్నుకొందురు. బట్ట మనిషికి తగినట్లు కుట్టుట మన దర్జీ ధర్మము. మనిషిని బట్టకు తగినట్లు ఎన్నుకొనుట వారి ధర్మము. ఇది తెలియని పిల్లవాడు తన దేహముననే దోషమున్నదని తలంచును.

ఈ తలంపు చిన్నది కాదు. 1999లో అమెరికా పరిశోధకులు కొందఱు, ముప్పదియేండ్లుగా మగపిల్లలు ఆడుకొను వీరుల బొమ్మలను కొలిచి చూచిరి. ఏండ్లు గడచిన కొలది ఆ బొమ్మల ఱొమ్ములు, భుజములు ఉబ్బుచు పోయి, బ్రతికియున్న మనుష్యుల కొలతను మించినవట. మన యూళ్ళలో కూడ పిల్లవాండ్రు కండలకై ఊరుపేరు తెలియని పొడులు పాలలో కలిపి త్రాగుటయు, వైద్యుని యడుగక సూదులు వేయించుకొనుటయు మనము వినుచున్నదే. ఆడుపిల్లలకు అమ్మిన తెల్లదనమును మగపిల్లలకు కూడ అమ్ముటకై 2005లో మన దేశమున ప్రత్యేకముగా మగవారి లేపనమే బజారున కెక్కినది. నీలమేఘశ్యాముడని రాముని కొలుచు ఇండ్లలో, నల్లనయ్య యని కృష్ణుని ముద్దాడు ఇండ్లలో, చామనచాయ పిల్లవాడు అద్దము ముందు ఆ లేపనము పూసికొనుట చూచి మనమేమనుచున్నాము? “మగవాని కిదేల?” యని నవ్వుచున్నామే గాని, “నీ చాయకేమి తక్కువ నాయనా?” అని యడుగుట లేదు.

ఇప్పుడు మా యింటి సంగతి. హైదరాబాదులో మోడళ్ళ సంస్థ యని పేరు పెట్టుకొన్న యొక చోటి నుండి మా మేనల్లునికి ఫోనులో సందేశము వచ్చినదట: నీ ముఖము పత్రికలకు తగినది, రమ్మని. వాడు పోయెను. నమోదు రుసుమని 25,000 రూపాయలు పుచ్చుకొనిరి. అది వాడు రెండేండ్లుగా కూడబెట్టుకొన్న సొమ్ము. తరువాత ఛాయాచిత్రముల సంపుటి తీయించుటకు మఱి 35,000 తెమ్మనిరి. వారము దాటిన అవకాశము పోవునని తొందరపెట్టిరి. ఈ రెండవ సొమ్ము ఇయ్యవచ్చునా, కూడదా యని మమ్మడుగుటయే ఆ సాయంత్రము వాడు చెప్పదలచిన మాట. మేము నలమహారాజని నవ్వితిమి. వాడు నోరు మూసికొని, మరునాడు గద్వాలకు పోయి, కళాశాల రుసుమని తల్లితో చెప్పెను. మా వదినె తన బంగారు గాజులు తాకట్టు పెట్టి యిచ్చినది. డబ్బు ముట్టిన నాల్గవ దినము నుండి ఆ ఫోను మ్రోగలేదు. వెదకికొని పోగా ఆ గదికి తాళము వేసియున్నది.

వాడీ సంగతిని మొదట చెప్పినది మా వారితో. రాత్రి భోజనమైన తరువాత వాకిట మంచముపై కూర్చుండి చెప్పుచు ఏడ్చెనట. మా వారు, “ఏడువకురా. మోసగాడు మోసపుచ్చినాడు. మేము వినలేదు. నీవొక్కడవే తప్పు మోయవలదు” అనిరి. ఆ “మేము వినలేదు” అను మాటను లోపల వంటయింటిలో నుండి మేము వింటిమి. మా వారు ఆ నాడు నవ్వలేదు, ఇంటనే లేరు. ఆ మాట మాదని మాకు తెలియును.

పోలీసువారికి ఫిర్యాదు నిచ్చినాము. సొమ్ము ఇంకను రాలేదు. మీ యింట నిట్టిది జరుగకుండుటకు మేము తెలిసికొన్నవి వ్రాయుచున్నాము.

నిజమైన మోడళ్ళ సంస్థ, పని దొరకి డబ్బు వచ్చిన తరువాత అందు తన వాటా తీసికొనును. పని దొరకక ముందే రుసుమడుగువారిని నమ్మరాదు. మొదటిసారి చూపుటకు వేల రూపాయల సంపుటి అక్కఱలేదు. పగటివెలుగులో, సాదాదుస్తులలో, రంగుపూతలు లేక, ముందునుండి, ప్రక్కనుండి, నిలువునను ఇంటివారే ఫోనుతో తీసిన చిత్రములు చాలును. నేడే కట్టవలెను, రేపు అవకాశముండదు అన్నవాడు అవకాశమిచ్చువాడు కాడు. ఒడంబడిక కాగితమును ఇంటికి తెచ్చి పెద్దలతో చదివించుకొనుటకు ఒప్పుకొననివాని యొద్ద సంతకము చేయరాదు. స్వతంత్రపత్రికలకు చిత్రము లిచ్చుట వలన పేరు కొంత వచ్చునే గాని, రాబడి సాధారణముగా స్వల్పమే, ఒక్కొక్కచోట శూన్యమే. ఈ సంగతి ముందే తెలిసియుండుట మంచిది. ఫోనుద్వారా సొమ్ము పోయిన యెడల ఆలసింపక 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. అది దేశమంతటికి సైబరునేరముల సహాయసంఖ్య. ఎంత త్వరగా చేసిన అంత మేలు. మేము ఇరువదిదినముల తరువాత చేసితిమి.

అన్నిటికంటె ముందు మాట, నవ్వకుండుట. ఆడుపిల్ల అద్దము ముందు నిలిచిన మనము ప్రక్కన నిలిచి జడవేసి, పూలు పెట్టి, లోకములో నెట్లు మెలగవలెనో ఆ జడ వేయుచునే చెప్పుదుము. ఆమె భయములు మనకు తెలియుట ఆ జడ యొద్దనే. మగపిల్లవాడు అద్దము ముందు నిలిచినచో నవ్వి పంపివేయుదుము. వాని ముచ్చటయు, వాని భయమును రెండును పరుపు క్రిందికి పోవును. అచ్చట వానిని వెదకికొని వచ్చువాడు మోసగాడొక్కడే.

వనపర్తి సంస్థానాధీశుల రాజభవనమున 1959 మొదలు పాలిటెక్నిక్ కళాశాల నడచుచున్నది. సాయంకాలము ఆ దారిని పోవునప్పుడు గుంపులుగుంపులుగా వచ్చు పిల్లవాండ్రను చూచుచుందుము. ఒకడు జుట్టు ముందుకు దువ్వుకొనును, ఒకడు చొక్కా చేతులు రెండు మడతలు మడచును, ఒకడు ఫోనులో తన ముఖము చూచుకొనును. ఇదివఱకు “వీరి షోకులు!” అని యనుకొని పోయెడివారము. ఇప్పుడు ఎవని పరుపు క్రింద నేమున్నదో యని తలంచుచున్నాము.

మా మేనల్లుడు చదువు మానలేదు. సెలవుదినములలో పెండ్లిండ్లకు ఛాయాచిత్రములు తీయువాని వెంట దీపము పట్టుటకు పోవుచున్నాడు. వచ్చిన దానిలో నెలకు రెండువేలు తల్లికి పంపుచున్నాడు. గాజులింకను తాకట్టులోనే యున్నవి. మొన్న గద్వాలకు పోయినప్పుడు తండ్రి అంగడిలోని చీరలను మడత విప్పి, వెలుతురు పడునట్లు వేసి చిత్రములు తీసి వచ్చెను. పనిలో పనిగా తండ్రిని కూడ, అంచుపంచెతో, భుజముపై కండువాతో, అంగడి మెట్టుమీద కూర్చుండబెట్టి ఒక చిత్రము తీసెను. మా వదినె ఆ చిత్రమును చూచి, “ఇన్నియేండ్లలో మీ బావగారింత చక్కనివారని నాకు తెలియనే లేద” ని నవ్వినది. ఆ నవ్వు మా నవ్వు వంటిది కాదు.

ఆ నాలుగు పత్రికలు ఇప్పుడు పరుపు క్రింద లేవు. వసారాలో అందఱకు కనబడునట్లు బల్లపై నున్నవి. తీరిక దొరకినప్పుడు వాని ప్రక్కన కూర్చుండి, “ఈ కోటు వెనుక పిన్నులెన్ని యుండునోయి?” అని మేమడుగుదుము, వాడు లెక్క చెప్పును. మీ యిండ్లలో మగపిల్లల పరుపులు ఎండవేయునప్పుడు మీకేమి దొరకినదో, దొరకినప్పుడు మీరేమి చేసితిరో మాకు వ్రాయుడు. వచ్చు మాసమున మగపిల్లలకు బొత్తాము కుట్టుట, తమ చొక్కా తాము ఇస్త్రీ చేసికొనుట నేర్పు విధమును గూర్చి వ్రాయుదుము.